హిమసీమలో పెరటితోట

ఋతువులు ఆరని తెలుగు పిల్లలు చిన్ననాటనే నేర్చుకుంటారు. వసంతంలో చిగుళ్లు, గ్రీష్మంలో మల్లెలు, వర్షర్తువులో వరినాట్లు, శరత్తులో వెన్నెల, హేమంతంలో బంతిపూలు, శిశిరంలో ఆకురాలడం అని ఒక్కొక్క ఋతువుకు ఒక్కొక్క గురుతు. ప్రబంధకవులు ఈ గురుతులను ఆధారం చేసుకొనే ఋతువర్ణనలు సాగించారు. ఆ వర్ణనలలో చలి ఎంత తీవ్రంగా కనిపించినా, కృష్ణా గోదావరీ తీరాలలో అది సౌమ్యమైన అతిథి మాత్రమే. పుష్యమాసపు తెల్లవారుజామున ఒక దుప్పటి, వాకిట ఒక నెగడు ఉంటే ఆ అతిథికి జరగవలసిన మర్యాద జరిగిపోతుంది. పెరటిలోని కరివేప చెట్టు ఆ రోజులలో చిగుళ్లు కాస్త తక్కువగా వేస్తుందే తప్ప ప్రాణం విడిచిపెట్టదు.

చలి ప్రాణాంతకమైన చోట తోట పెంచడం వేరే విద్య. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు సిద్ధుడు ప్రసాదించిన పాదలేపం మహిమతో హిమవత్పర్వతానికి వెళ్లాడు. ఆ పర్వతశోభను కన్నులారా చూసి తిరిగి ఇల్లు చేరుకోవాలనుకొనేసరికి అక్కడి మంచుకు పాదలేపం కరిగిపోయింది. సొంత ఊరి నుండి అంత దూరం నడిపించిన మహిమ ఆ కొత్త నేల మీద అక్కరకు రాలేదు. కృష్ణా జిల్లా దివిసీమ నుండి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్లిన ఒక తెలుగు తల్లికి సరిగ్గా ఇటువంటి అనుభవమే ఎదురైంది. ఆమె వెంట తీసుకువెళ్లిన మహిమ ముప్పై ఏళ్ల పెరటి సేద్యం.

భర్త మరణానంతరం ఆ తల్లి మిన్నియాపొలిస్ నగరంలోని కూతురి ఇంటికి చేరింది. అప్పటికి ఏడాది క్రితం మనుమరాలు పుట్టింది. ఆ శుభసందర్భానికి గురుతుగా కూతురూ అల్లుడూ ఇంటి వెనుక ఒక ఆపిల్ అంటు నాటారు. ఇంటిల్లిపాదికీ ఆ మొక్కంటే పాపతో సమానమైన ముద్దు. ఆమె జూన్ నెలలో అక్కడ అడుగుపెట్టేటప్పటికి పెరడంతా పచ్చగా కళకళలాడుతున్నది. పగలు పదిహేను గంటలకు పైగా ఉండే కాలమది. మొక్కలు పోటీపడి పెరుగుతున్నాయి. ఆ దృశ్యం చూసి ఆమె తన దివిసీమ పెరడే ఇక్కడికి వచ్చిందని సంబరపడింది. ఊరిలోని మరొక తెలుగు కుటుంబం కుండీలో పెంచి ఇచ్చిన కరివేప మొక్కను నేలలోకి మార్చి పాదు చేసింది. పక్కనే ఒక మల్లె అంటు నాటింది. గోంగూర, వంగ, బీర విత్తనాలు వేసింది. ఆగస్టు నాటికి ఆ పెరటి కూరలు నాలుగు ఇళ్లకు పంచగలిగినంత కాపు వచ్చింది. ఆమె చేతి చలువకు అందరూ ఆశ్చర్యపోయారు.

సెప్టెంబరు రాగానే ఆపిల్ మొక్క ఎదుగుదల తగ్గింది. ఆకులలో పచ్చదనం మందగించింది. మొక్క నీరసించిందని ఆమె భావించింది. దివిసీమలో నీరసించిన చెట్టుకు ఏమి చేస్తారో అదే చేసింది. పాదు తవ్వి, బలమైన ఎరువు వేసి, సమృద్ధిగా నీరు పెట్టింది. మూడు వారాలు గడిచేసరికి కొమ్మల చివర లేత చిగుళ్లు తళతళలాడాయి. మనుమరాలిని చంకనెత్తుకొని ఆ చిగుళ్లను చూపించి ఆమె మురిసిపోయింది.

అక్టోబరు మొదటి వారంలో ఒక రాత్రి గాలి నిలిచిపోయింది. ఆకాశం నిర్మలంగా ఉంది. తెల్లవారి చూసేసరికి పెరటి రూపమే మారిపోయింది. వంగ మొక్కలు వేడినీటిలో ముంచి తీసినట్లు వాడి వేలాడుతున్నాయి. కరివేప ఆకులు నల్లబడి రెమ్మలకు అతుక్కుపోయాయి. గోంగూర చేయి తగిలితే జారిపోయేంత మెత్తబడింది. నేల మీద తెల్లని పొర ఒకటి మెరిసి, సూర్యోదయం కాగానే కరిగిపోయింది. ఒక్క రాత్రిలో, ఒక్క చుక్క వాన గాని గాలివాన గాని లేకుండా, తోట తోటంతా పోవచ్చునని ఆ తల్లి అంతవరకు ఊహించలేదు. ఉప్పెనను చూసిన నేల నుండి వచ్చిన మనిషి ఆమె. ఉప్పెన ముందుగా ఘోషిస్తుంది. ఈ విపత్తు చప్పుడు లేకుండా వచ్చి వెళ్లింది.

అదే ఉదయం కంచెకు ఆవల పొరుగింటి వృద్ధురాలు తన తోటపనిలో నిమగ్నమై కనిపించింది. ఆమె ముఖంలో కంగారు లేదు. ఆమె తోటలోనూ కొన్ని మొక్కలు నల్లబడ్డాయి. వాటిని పెరికి కుప్ప వేస్తున్నది. ఆపై వారం ఆమె చేసిన పని తెలుగు తల్లిని మరింత దిగ్భ్రాంతికి గురిచేసింది. ఆ వృద్ధురాలు ఒక గులాబీ మొక్క కొమ్మలను తాడుతో దగ్గరకు కట్టింది. పక్కనే పొడవుగా గుంత తవ్వింది. వేళ్లకు ఒక పక్క మట్టిని వదులు చేసి, పచ్చగా ఉన్న ఆ మొక్కను మెల్లగా వంచి గుంతలో పడుకోబెట్టి, పైన మట్టి కప్పింది. బతికి ఉన్న మొక్కను పూడ్చిపెట్టడమేమిటని ఆ తల్లి కూతురిని అడిగింది. కూతురు దుబాసీగా నిలిచి ఆ ప్రశ్నను అటువైపు చేర్చింది. పూడ్చడం కాదు, పడుకోబెట్టడమని ఆ వృద్ధురాలు నవ్వుతూ బదులు చెప్పింది. ఏప్రిల్ నెలలో మళ్లీ లేపుతానన్నది. మిన్నెసోటాలో సున్నితమైన గులాబీలను కాపాడుకోవడానికి తోటమాలులు అనుసరించే ప్రసిద్ధ పద్ధతి అది.

ఆ సంభాషణతో ఇద్దరి మధ్య స్నేహం మొదలైంది. శీతలదేశపు తోటపని ఆ తల్లికి క్రమక్రమంగా బోధపడసాగింది. అందులో మొట్టమొదటి పాఠం మొక్క నిద్రను గురించినది.

చలిదేశపు చెట్లు చలిని ఎదిరించి పోరాడవు. దానికి తగినట్లు తమను తాము మార్చుకుంటాయి. ఈ మార్పుకు సంకేతం మొదట పగటి వెలుతురు నుండి వస్తుంది. వేసవి చివర పగటి నిడివి తగ్గుతున్న కొద్దీ చెట్టు ఎదుగుదలను ఆపుకుంటుంది. లేత కొమ్మలు ముదిరి గట్టిపడతాయి. ఆకులలోని పోషకాలు కొంతవరకు కాండంలోకి, వేళ్లలోకి మళ్లుతాయి. ఆకు తొడిమ వద్ద ఒక పొర ఏర్పడి ఆకు రాలిపోతుంది. కణాలలో చక్కెరలు పెరుగుతాయి. నీరు గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు కణం లోపల ఏర్పడితే కణం చనిపోతుంది. అందువల్ల ఆ చెట్ల కణాలు తమలోని నీటిని కొంత వెలుపలికి పంపివేస్తాయి. ఆ నీరు కణాల నడుమనున్న ఖాళీలలో గడ్డకడుతుంది. కణం మాత్రం చిక్కని రసంతో ప్రాణాన్ని నిలుపుకుంటుంది. ఈ ఏర్పాటంతా పూర్తికావడానికి కొన్ని వారాల వ్యవధి కావాలి. సెప్టెంబరులో ఆపిల్ ఆకులు మందగించడం నీరసానికి గురుతు కాదు. అది నిద్రకు ఉపక్రమించిన చెట్టు ఆవులింత.

ఈ సంగతి విన్ననాడు ఆ తల్లి గుండెలో రాయి పడింది. నిద్రపోబోతున్న పసిబిడ్డను లేపి కూర్చోబెట్టి అన్నం తినిపించినట్లు తాను ఆ మొక్కకు ఎరువు వేసింది. ఆ బలానికి మొక్క లేత చిగుళ్లు తొడిగింది. ముదరని ఆ చిగుళ్లకు, వాటిని మోస్తున్న కొమ్మలకు రాబోయే చలిని తట్టుకొనే శక్తి లేదు. అజ్ఞానం వల్ల జరిగిన పొరపాటైతే ఆమె అంతగా బాధపడేది కాదేమో. ఇది తెలిసిన విద్య వల్ల జరిగింది. ఒక నేల మీద మేలు చేసిన నేర్పే మరొక నేల మీద కీడు చేసింది.

రెండవ పాఠం మొక్కల ఎంపికకు సంబంధించినది. ఉష్ణదేశంలో మొక్కను కొనేటప్పుడు పూవు రంగును, కాయ రుచిని విచారిస్తారు. శీతలదేశంలో మొదటి ప్రశ్న వేరు. ఎంత చలికి ఈ మొక్క బతుకుతుంది అని అడగాలి. మిన్నియాపొలిస్‌లో జనవరి రాత్రుల ఉష్ణోగ్రత సున్నాకు 25 సెల్సియస్ డిగ్రీల దిగువకు పోవడం వింత కాదు. అమెరికా వ్యవసాయశాఖ ఇందుకోసం 1960లో ఒక పటాన్ని ప్రచురించింది. ప్రతి చలికాలంలోనూ నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రతలను తీసుకొని, అనేక సంవత్సరాల సగటు కట్టి, దాని ప్రకారం దేశాన్ని మండలాలుగా విభజించారు. ప్రస్తుత పటంలో మండలాలు 13. ఒక్కొక్క మండలానికి నడుమ పది ఫారన్‌హీట్ డిగ్రీల అంతరం ఉంటుంది. నర్సరీలో అమ్మే ప్రతి మొక్క చీటీ మీద అది ఏ మండలం వరకు బతకగలదో సాధారణంగా ముద్రించి ఉంటుంది. 1991 నుండి 2020 వరకు గల లెక్కలతో ఈ పటాన్ని 2023లో సవరించినప్పుడు దేశంలో దాదాపు సగం ప్రాంతం అంతకుముందుకంటే అర మండలం వెచ్చనిదిగా తేలింది. అయినా అనుభవజ్ఞులు ఆ మార్పును చూసి తొందరపడరు. పటం చెప్పేది సగటు మాత్రమే. చెట్టును చంపడానికి సగటు చలి అక్కరలేదు, ఒక్క కఠినమైన రాత్రి చాలు.

ఈ సత్యాన్ని మిన్నెసోటా ప్రజలు పటాలు పుట్టక ముందే కష్టపడి తెలుసుకున్నారు. 1853లో పీటర్ గిడియన్ అనే వ్యక్తి అక్కడి మిన్నెటోంకా సరస్సు తీరంలో స్థిరపడి ఆపిల్ తోట వేయాలని సంకల్పించాడు. తూర్పు రాష్ట్రాలలో చక్కగా కాసే రకాలను తెచ్చి నాటాడు. ఏటేటా చలికాలం వాటిని బలి తీసుకుంటూ వచ్చింది. దాదాపు పదేళ్ల శ్రమ వ్యర్థమైంది. చేతిలో మిగిలిన ఎనిమిది డాలర్లతో కోటు కొనుక్కోవలసి ఉండగా, అతడు ఆ సొమ్మును మెయిన్ రాష్ట్రానికి పంపి ఆపిల్ విత్తనాలు తెప్పించుకున్నాడని చెబుతారు. ఆ విత్తనాల నుండి పెరిగిన మొక్కలలో ఒకటి మిన్నెసోటా చలిని తట్టుకొని నిలిచి, చక్కని పండ్లు కాసింది. గిడియన్ దానికి తన భార్య పేరు మీదుగా 'వెల్తీ' అని నామకరణం చేశాడు. తరువాతి కాలంలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఈ కృషిని శాస్త్రీయంగా కొనసాగించింది. అక్కడ 1960లో జరిపిన సంకరణం నుండి పుట్టిన 'హనీక్రిస్ప్' రకం 1991లో రైతులకు అందింది. ఒక దశలో చలికి దెబ్బతిన్నదని తీసివేయదలచిన మొక్క అది. మరికొంతకాలం చూద్దామని నిలిపినందువల్ల లోకానికి దక్కింది. 2006లో అది ఆ రాష్ట్ర అధికార ఫలమైంది. మనుమరాలి పేరిట పెరటిలో నాటిన అంటు ఆ రకానిదే.

కాబట్టి ఆ చెట్టు ఎంపికలో లోపం లేదు. పెంపకంలో లోపం జరిగింది. ఇక చేయగలిగింది రాబోయే చలి నుండి దాన్ని వీలైనంతవరకు కాపాడుకోవడమే. పొరుగింటి వృద్ధురాలి సలహా మేరకు ఆ తల్లి అక్టోబరు, నవంబరు మాసాలలో ఒక్కొక్క పని నెరవేర్చింది. నేల గడ్డకట్టేదాకా చెట్టుకు నీరు పెట్టడం ఆపలేదు. ఎండిన వేళ్లతో చలికాలంలోకి పోయే చెట్టు త్వరగా నశిస్తుంది. కాండం చుట్టూ తెల్లని పట్టీ చుట్టింది. ఫిబ్రవరి మధ్యాహ్నాలలో ఎండ తగిలి నైరుతి దిక్కున బెరడు వేడెక్కుతుంది. సూర్యాస్తమయం కాగానే అది హఠాత్తుగా చల్లబడి బీటలు వారుతుంది. తెల్లని పట్టీ ఎండను తిప్పికొట్టి బెరడును రక్షిస్తుంది. ఆకలిగొన్న కుందేళ్లు, ఎలుకలు బెరడును కొరకకుండా పట్టీ చుట్టూ ఇనుప వల అమర్చింది. నేల పైపొర గడ్డకట్టిన తరువాత మొదలు చుట్టూ ఎండుటాకులు పరచింది. అంతకు ముందే పరిస్తే లోపలి వెచ్చదనానికి ఎలుకలు కాపురం పెడతాయి. ఆకులు కాండాన్ని తాకకుండా జానెడు ఎడం విడిచింది. ఎండుటాకుల పనికి వేడి పుట్టించే గుణంతో సంబంధం లేదు. ఒకనాడు కరిగి, మరునాడు గడ్డకట్టి నేల ఉబికి వేళ్లను పైకి నెట్టకుండా అవి ఒకే స్థితిని కాపాడతాయి.

తరువాత మంచు కురిసింది. ఆ నగరంలో ఒక చలికాలంలో సగటున సుమారు 130 సెంటీమీటర్ల మంచు పడుతుంది. మొదట్లో ఆ తల్లికి ఆ తెల్లదనం వైధవ్యంలా తోచింది. కిటికీ వద్ద కూర్చుని, మంచులో సగం మునిగిన ఆపిల్ మొక్కను చూస్తూ నిట్టూర్చేది. అయితే ఆ మంచు చేసే మేలు ఆమెకు మెల్లగా అర్థమైంది. కొత్తగా పడిన మంచులో గాలి ఎక్కువగా చిక్కుకొని ఉంటుంది. ఆ గాలి నేలలోని వేడిని బయటకు పోనీయదు. మీద ఎముకలు కొరికే చలి ఉన్నా, దట్టమైన మంచు కింద నేల ఉష్ణోగ్రత సున్నాకు సమీపంలో నిలుస్తుంది. కొమ్మలకంటె వేళ్లకు చలిని ఓర్చుకొనే శక్తి తక్కువ. ఆ వేళ్లకు మంచు దూదిదుప్పటి. మంచు కురవని చలికాలమే తోటలకు ఎక్కువ హాని చేస్తుంది.

ఉగాది వచ్చింది. దివిసీమలో మామిడి పిందెలు, వేపపూత, కోయిల పాటలతో వచ్చే పండుగ అది. మిన్నియాపొలిస్‌లో చెట్లన్నీ ఇంకా మోడులుగానే ఉన్నాయి. నీడ పడే చోట్ల మంచు మిగిలి ఉంది. ఏప్రిల్ చివర పొరుగు తోటలో ట్యులిప్ పూలు మట్టిని చీల్చుకొని వచ్చాయి. అక్టోబరులో పాతిన గడ్డలు అవి. కొన్ని వారాల చలి గడవనిదే సరిగా పూయవు. పూడ్చిన గులాబీని ఆ వృద్ధురాలు మట్టి తొలగించి నిలబెట్టింది. మే నెల రాగా లైలాక్ పొదలు మొగ్గ తొడిగాయి. ఆపిల్ అంటు మాత్రం కదలలేదు. కొమ్మలు గోధుమరంగుకు తిరిగి, వంచితే పుటుక్కున విరుగుతున్నాయి.

చెట్టు చనిపోయిందని అల్లుడు నిర్ధారించాడు. పెరికివేసి మరొకటి నాటుదామన్నాడు. అతని మాటలో నిష్ఠురం లేదు. అయినా ఆ తల్లి ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారి ఆమె కూతురితో, "అమ్మా! పాప పేరిట పెట్టిన చెట్టును నా చేతులతో నేనే పొట్టన పెట్టుకున్నాను" అని కన్నీరు పెట్టుకుంది. కూతురు ఏమీ అనలేక పొరుగింటి ఆమెను పిలుచుకొని వచ్చింది.

ఆ వృద్ధురాలు చెట్టును చూసి పెదవి విరవలేదు, భరోసా ఇవ్వనూ లేదు. కొమ్మ చివర గోటితో బెరడును గీకి చూసింది. లోపల ఎండి గోధుమరంగుగా ఉంది. ఇంకొంచెం కిందికి వచ్చి గీకింది. అక్కడా అంతే. కాండం మీద మోకాలి ఎత్తున మళ్లీ గీకింది. పలుచని బెరడు కింద లేత పచ్చదనం కనిపించింది. జూన్ వరకు వేచి చూడమని చెప్పింది. ఇంకొక మాట కూడా హెచ్చరించింది. చిగురు అంటు కట్టిన చోటికి పైన వస్తేనే ఇది హనీక్రిస్ప్ అవుతుంది. కింద నుండి వస్తే అది వేరుమొక్క చిగురు. చెట్టు బతికినా పాప పేరిట నాటిన చెట్టు పోయినట్లే లెక్క.

ఆ తల్లి రోజూ ఉదయం వెళ్లి అంటు ముడి వద్ద చూసేది. ఎరువు వేయాలని చేతులు ఆరాటపడేవి. వేయలేదు. పాదు తవ్వాలనిపించేది. తవ్వలేదు. నేల బాగా ఆరినప్పుడు నీరు మాత్రం పోసింది. ముప్పై ఏళ్ల సేద్యంలో ఆమె ఎన్నో పనులు చేసింది. ఏమీ చేయకుండా ఒక మొక్క పక్కన నిలబడడం ఆమెకు అదే మొదటిసారి. మే నెల నాలుగవ వారంలో, అంటు ముడికి నాలుగు అంగుళాల పైన, బియ్యపుగింజంత ఆకుపచ్చని మొగ్గ ఒకటి కనిపించింది. ఆమె ఎవరినీ పిలవలేదు. కాసేపు అక్కడే కూర్చుంది.

ఎండిన భాగాన్ని పచ్చని కలప కనిపించేదాకా కత్తిరించారు. ఆ చిన్న మొగ్గే ఏపుగా పెరిగి చెట్టుకు కొత్త కాండమైంది. ఆ తరువాత ప్రతి సంవత్సరం ఆ తల్లి ఋతువులకు తగినట్లు తన పనిని దిద్దుకుంది. ఆపిల్ చెట్టుకు అవసరాన్ని బట్టి వసంతంలో మాత్రమే ఎరువు వేసేది. చలి తీవ్రత తగ్గి, చెట్టు ఇంకా చిగురించని మార్చి నెలలో కొమ్మల కత్తిరింపు జరిపేది. లైలాక్ పొదను మాత్రం పూలు రాలిన వెంటనే కత్తిరించేది. అది మరుసటి ఏటి మొగ్గలను వేసవిలోనే సిద్ధం చేసుకుంటుంది. ఆలస్యంగా కత్తిరిస్తే ఆ ఏడాది పూలు ఉండవు. పియొనీ దుంపలను మొగ్గలు రెండు అంగుళాలకు మించి లోతుకు పోకుండా నాటింది. సరైన లోతున నాటితే అర్ధశతాబ్దం పాటు ఒకే చోట పూయగల మొక్క అది.

సొంత ఊరి మొక్కలను ఆమె విడిచిపెట్టలేదు. వాటికి కొత్త ఏర్పాటు చేసింది. కరివేప, మల్లె, తులసి కుండీలలోకి చేరాయి. రాత్రి ఉష్ణోగ్రత పది సెల్సియస్ డిగ్రీలకు తగ్గకముందే అవి ఇంటిలోకి వచ్చి దక్షిణపు కిటికీ దగ్గర కొలువుతీరేవి. చలికాలంలో కరివేప కొన్ని ఆకులు రాల్చితే ఆమె కంగారుపడి నీరు కుమ్మరించేది కాదు. వంగ, మిరప నారును మార్చిలోనే ఇంటిలో దీపాల వెలుతురున పెంచి, మే నెలలో వారం పది రోజులు బయటి గాలికీ ఎండకూ అలవాటు చేసి, నేల వెచ్చబడ్డాక నాటేది. గోంగూర ఆకు సమృద్ధిగా ఇచ్చేది గాని, గింజ ఇచ్చేది కాదు. పగటి నిడివి తగ్గితే గాని పూత పట్టని మొక్క అది. పూత పట్టే వేళకు మంచు వచ్చి పడుతుంది. అందుకని ఒక గోంగూర మొక్కను కుండీలో పెంచి ఇంటిలోకి తెచ్చి, దాని నుండి మరుసటి ఏటికి విత్తనం తీసుకునేది. నేలలో ఉండదగినవి నేలలో, కుండీలో ఉండదగినవి కుండీలో, ఒక్క వేసవికి అతిథులుగా వచ్చిపోయేవి మళ్లలో, ఇలా ఆమె తోట మూడు భాగాలుగా స్థిరపడింది.

ఒకనాడు మనుమరాలు, "అమ్మమ్మా! మన ఊళ్లో కూడా ఈ చెట్టు పెట్టావా?" అని అడిగింది. ఆ తల్లికి జవాబు తెలుసు. సంప్రదాయకమైన ఆపిల్ రకాలు చాలావరకు చలికాలంలో సున్నా నుండి ఏడు డిగ్రీల నడుమ వందల గంటలు, కొన్నైతే వెయ్యి గంటల వరకు గడపాలి. ఆ విశ్రాంతి లభించనిదే వాటి మొగ్గలు సరిగా విచ్చుకోవు. డిసెంబరు, జనవరి రాత్రులలో సైతం సాధారణంగా 15 డిగ్రీలకు దిగని దివిసీమలో ఆ చెట్టుకు నిద్ర పట్టదు. నిద్ర లేనిదే మేలుకోవడం లేదు. కరివేపను చంపిన చలే ఆపిల్‌ను పూయిస్తుంది. ఇదంతా పసిపిల్లకు చెప్పడమెలాగో తెలియక ఆమె, "మన ఊళ్లో దీనికి నిద్రపట్టదమ్మా" అని మాత్రం అన్నది.

మనుమరాలికి ఆరవ ఏడు వచ్చిన వసంతంలో ఆ చెట్టు మొదటిసారి పూసింది. ఆపిల్ తన రకపు పుప్పొడితో సాధారణంగా కాయ పట్టదు. దానికి మరొక రకం చెట్టు తోడు కావాలి. పెరటిలో అటువంటి చెట్టు లేదు. కంచెకు ఆవల, పొరుగింటి ఆవరణలో చిన్న చిన్న పుల్లని కాయలు కాసే క్రాబ్ ఆపిల్ చెట్టు ఒకటి అదే వారంలో విరగబూసింది. తేనెటీగలు కంచె దాటి రెండు చెట్ల మధ్యా తిరిగాయి. సెప్టెంబరు చివర ఏడు పండ్లు చేతికి వచ్చాయి. ఆ తల్లి మొదటి పండును మనుమరాలి చేతికి ఇచ్చి, రెండవ దానిని ఆ పిల్ల చేతనే పొరుగింటికి పంపింది. తరువాత పలుగు, తాడు తీసుకొని తానూ వెనుకనే బయలుదేరింది. పొరుగింటి వృద్ధురాలికి ఆ ఏడు నడుము వంగడం లేదు. గులాబీని పడుకోబెట్టవలసిన రోజులు దగ్గర పడుతున్నాయి.